ఒంటి రోకటి బలం

పొద్దున తొమ్మిదింటికి హైదరాబాద్ నార్సింగి కూడలిలో బైకుల వరస తెగదు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు వెళ్లేవి, కోకాపేటకు మళ్లేవి, మంచిరేవుల వైపు నుంచి మూసీ దాటి వచ్చేవి ఎన్నో ఉంటాయి. భోజనం మోసుకెళ్లే కుర్రాడి వంద సీసీ బండి మొదలుకొని సాఫ్ట్‌వేర్ ఉద్యోగి బుల్లెట్ దాకా, ఆ పెట్రోలు బళ్లలో దాదాపు అన్నింటికీ సిలిండరు ఒక్కటే. పక్కనే ఆగిన కార్లలో మూడో నాలుగో ఉంటాయి. అందుకే కొత్త బండి కొనబోయేవాళ్లు తరచూ ఒక ప్రశ్న అడుగుతారు: ఒక్క సిలిండరంటే డబ్బు చాలక చేసుకున్న సర్దుబాటే కదా, చేతిలో సొమ్ముంటే రెండో నాలుగో ఉన్న బండి తీసుకోవడం మేలు కదా? ఈ ప్రశ్నకు అడ్డొచ్చే సాక్ష్యం ఇటలీలో ఉంది. బొలోన్యా నగరపు డుకాటి కంపెనీ ఖరీదైన రెండు, నాలుగు సిలిండర్ల బళ్లకు ప్రపంచ ప్రసిద్ధి. అదే కంపెనీ 2023 చివర్లో హైపర్‌మోటార్డ్ 698 మోనో అనే బండిని ప్రకటించింది. మన దేశంలో దాని ధర పదిహేను లక్షలు దాటింది. దానికీ సిలిండరు ఒక్కటే. చవకతనమే కారణమైతే ఈ బండి పుట్టవలసిన అవసరం లేదు.

ఒంటి సిలిండరును ఎంచుకోవడమంటే గాలి, వేడి, బరువు అనే మూడింటి మధ్య లెక్క వేయడమే. ఆ లెక్క ఎంతవరకు చెల్లుతుందో ఇటలీ రేసు బళ్లు డెబ్బై ఏళ్ల కిందటే తేల్చాయి. నార్సింగి నుంచి గచ్చిబౌలికి రోజూ వెళ్లొచ్చే మనిషికి ఆ హద్దు ఎదురయ్యే సందర్భం దాదాపు రాదు. ఈ మాటను అంచెలంచెలుగా రుజువు చేయడమే ఈ అధ్యాయం పని.

నాలుగు అడుగులు, ఒక్క పోటు

ముందు ఇంజిను లోపలికి చూద్దాం. సిలిండరు అనే గొట్టంలో పిస్టన్ పైకీ కిందికీ ఆడుతుంది. మొదటిసారి కిందికి దిగుతూ గాలినీ పెట్రోలు ఆవిరినీ పీలుస్తుంది. పైకి వస్తూ వాటిని నొక్కుతుంది. అప్పుడు ప్లగ్గు నిప్పు అంటిస్తే మంట పిస్టన్‌ను కిందికి తోస్తుంది. మళ్లీ పైకి వస్తూ కాలిన పొగను బయటికి నెడుతుంది. ఈ నాలుగు అడుగులకు, పిస్టన్ ఆటను తిప్పుడుగా మార్చే క్రాంకు అనే కడ్డీ రెండు చుట్లు తిరుగుతుంది. బండిని ముందుకు తోసేది నాలుగింటిలో ఒక్క అడుగే. రోట్లో వడ్లు దంచడాన్ని తలుచుకుంటే సంగతి సులభంగా తెలుస్తుంది. ఒక్కరే దంచితే పోటుకూ పోటుకూ మధ్య రోకలి ఎత్తే వ్యవధి ఉంటుంది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి వంతులవారీగా వేస్తే ఒకరి రోకలి లేచేలోగా రెండోవారిది పడుతుంది. నలుగురు చేరితే చప్పుడులో ఎడమే వినిపించదు. ఒంటి సిలిండరు ఇంజిను నిమిషానికి 1,200 చుట్లతో నిలకడగా తిరుగుతుంటే సెకనుకు పది పోట్లే పడతాయి. పది చప్పుళ్లను చెవి విడివిడిగా పట్టగలదు కాబట్టే బుల్లెట్‌కు ఆ దుగ్‌దుగ్ శబ్దం వచ్చింది.

మరి పోటు పడని మూడు అడుగుల్లో ఇంజిను ఆగిపోకుండా నడిపించేది ఏది? క్రాంకుకు బిగించిన బరువుచక్రం, అంటే ఫ్లైవీల్. పోటు పడ్డప్పుడు వచ్చిన ఊపును అది దాచుకుని తక్కిన మూడు అడుగులకూ పంచుతుంది. 1921లో ఇటలీలోని మాండెల్లో దెల్ లారియో ఊళ్లో మొదలైన మోటో గుజ్జి కంపెనీ తన 500 సీసీ బళ్లకు ఈ చక్రాన్ని ఇంజిను బయట, కంటికి కనిపించేలా పెట్టేది. చక్రం ఎంత బరువైతే ఇంజిను అంత నిదానంగా, తొణక్కుండా తిరుగుతుంది. బరువు తగ్గిస్తే చురుగ్గా వేగం అందుకుంటుంది, కానీ తక్కువ వేగంలో తడబడుతుంది. బండి స్వభావం సిలిండర్ల సంఖ్యతోనే తేలిపోదని ఇక్కడే తెలుస్తోంది.

ఇదే ఒంటి సిలిండరును రెండే అడుగుల్లో పని చేయించే పద్ధతి ఇంకొకటి ఉంది. అందులో క్రాంకు తిరిగిన ప్రతి చుట్టుకూ ఒక పోటు పడుతుంది. వాల్వులు ఉండవు, సిలిండరు గోడలోని కంతలే గాలికి దారులు. మిలాన్‌లో ఇన్నొచెంటి కంపెనీ 1947లో మొదలుపెట్టిన లాంబ్రెటా స్కూటరు ఈ జాతిదే. ఆ కంపెనీ యంత్రాలను లక్నోలోని ప్రభుత్వ సంస్థ స్కూటర్స్ ఇండియా కొనుక్కుంది. హైదరాబాద్ రోడ్ల మీద ఆల్విన్ పేరుతో తిరిగిన పుష్పక్ స్కూటరుదీ ఆ లాంబ్రెటా వంశమే. అంటే ఇటలీ ఒంటి సిలిండరు మన నగరానికి కొత్త చుట్టం కాదు. అయితే ఈ పద్ధతిలో కాలని పెట్రోలు కొంత పొగతోపాటు బయటికి జారిపోతుంది. కాలుష్య నిబంధనలు బిగిసేకొద్దీ రెండడుగుల ఇంజిన్లు రోడ్డు మీది నుంచి తప్పుకున్నాయి. ఇక్కడి నుంచి మన చర్చ అంతా నాలుగడుగుల ఇంజిను గురించే.

ఇరవై ఆరు శాతం లాభం, ఇరవై ఆరు శాతం నష్టం

ఇంజిను శక్తి పెట్రోలు మీద కన్నా గాలి మీద ఎక్కువ ఆధారపడుతుంది. పెట్రోలు ఎంతైనా పోయవచ్చు, అది మండడానికి కావలసిన గాలిని లోపలికి రప్పించడమే కష్టం. ఆ గాలి వాల్వు అనే చిన్న తలుపు గుండా, కన్ను మూసి తెరిచేలోగా దూరాలి. ఇప్పుడు 350 సీసీల ఒకే సిలిండరును, అదే ఆకారంలో ఉండే రెండు 175 సీసీల సిలిండర్లుగా విడగొట్టామనుకుందాం. లోపలి చోటు సగమైంది కదా అని పొడవు, వెడల్పులు సగం కావు. ఒక్కొక్కటి దాదాపు ఐదో వంతు మాత్రమే తగ్గుతుంది. తలుపు వైశాల్యం మొదటిదానిలో 63 శాతం ఉంటుంది. రెండు సిలిండర్ల తలుపులూ కలిపితే 126 శాతం. అంటే అదే 350 సీసీకి గాలి దారి 26 శాతం పెరిగింది. పిస్టన్ నడిచే దూరం కూడా తగ్గింది కాబట్టి ఇంజినును ఇంకా వేగంగా తిప్పవచ్చు. ఎక్కువ సిలిండర్లున్న బండికి ఎక్కువ శక్తి రావడానికి అసలు కారణం ఇదే.

కానీ ఈ లెక్కకు రెండో ముఖం ఉంది. దాన్ని అమ్మకందార్లు చెప్పరు. తలుపుల వైశాల్యం పెరిగినట్టే లోపలి గోడల వైశాల్యమూ 26 శాతం పెరిగింది. మంట వేడి ఆ గోడల గుండానే వృథాగా బయటికి పోతుంది. పిస్టన్ రింగులు రాసుకునేదీ ఆ గోడలకే. పెట్రోలులోని శక్తిలో మూడో వంతు చక్రానికి చేరితే అది మంచి ఇంజిను కిందే లెక్క. మిగిలినదంతా పొగతోనో, గోడల వేడితోనో, రాపిడితోనో పోయేదే. కాబట్టి ఎక్కువ గాలి పీల్చుకునే వరం, ఎక్కువ వేడి పోగొట్టుకునే శాపం ఒకే కొలత నుంచి పుట్టాయి. ఒకటి కోరితే రెండోది వెంట వస్తుంది. ఎంత శక్తి కావాలన్నదే తేల్చుకోవలసిన విషయం. తక్కువ చాలనుకున్నవాడికి ఒంటి సిలిండరు పొదుపు. ఎక్కువ కావాలన్నవాడు పెట్రోలుతో మూల్యం చెల్లించాలి.

బొలోన్యా లెక్క, మద్రాసు లెక్క

ఒంటి సిలిండరులోనే ఎంత తేడా సాధ్యమో చూడడానికి 1960ల నాటి రెండు బళ్లను పక్కపక్కన పెడదాం. మొదటిది మద్రాసు తిరువొత్తియూరులో 1955 నుంచి తయారైన రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ 350. రెండోది 1964లో డుకాటి తెచ్చిన మాక్ 1 అనే 250 సీసీ బండి. బుల్లెట్ సిలిండరు వెడల్పు, అంటే బోరు, 70 మిల్లీమీటర్లు. పిస్టన్ నడక, అంటే స్ట్రోకు, 90. మాక్ 1లో బోరు 74, స్ట్రోకు 57.8. సీసీల్లో చిన్నదైన ఇటలీ బండికి నోరు పెద్దది. నోరు పెద్దదైతే పెద్ద వాల్వులు పడతాయి, నడక పొట్టిదైతే క్రాంకును వేగంగా తిప్పవచ్చు. బుల్లెట్ నిమిషానికి 5,000 చుట్లు తిరిగితే పిస్టన్ సగటున సెకనుకు 15 మీటర్లు ప్రయాణిస్తుంది. మాక్ 1 పిస్టన్ 8,500 చుట్ల దగ్గర కూడా సెకనుకు 16 మీటర్లకు కాస్త పైన మాత్రమే. అంటే లోహం మీద పడే శ్రమ దాదాపు సమానం, పోట్లు మాత్రం 70 శాతం ఎక్కువ. అందుకే ఆ 250 సీసీ బండి గంటకు 160 కిలోమీటర్లు దాటగలిగింది. ఆ కాలానికి అది చిన్న సంగతి కాదు.

ఇందులో ఏది గొప్ప ఇంజిను అని అడిగితే, ఏ పనికి అని తిరిగి అడగాలి. బుల్లెట్ పొడవాటి నడక, బరువైన చక్రం తక్కువ వేగంలోనే గట్టిగా లాగడానికి పనికొస్తాయి. ఇద్దరినీ మూటనూ ఎక్కించుకుని గతుకుల దారిలో గేరు మార్చకుండా పోవడానికి ఆ లెక్కే సరైనది. మాక్ 1 లెక్క ఇటలీ కొండదారుల్లో పందెం వేయడానికి సరైనది. ఈ తేడా నేటికీ పోలేదు. ఇప్పటి రాయల్ ఎన్‌ఫీల్డ్ 349 సీసీ ఇంజిను 6,100 చుట్ల దగ్గర సుమారు 20 హార్స్‌పవర్ ఇస్తుంది. చాకన్‌లోని బజాజ్ కర్మాగారంలో తయారైన కేటీఎం డ్యూక్ 390 బండి 373 సీసీ ఇంజిను 9,000 దగ్గర 43 ఇచ్చేది. రెండింటికీ సిలిండరు ఒక్కటే, సీసీల్లో తేడా కొంచెమే, శక్తిలో రెట్టింపు తేడా. సిలిండర్లు లెక్కపెట్టి బండి సత్తా చెప్పడం ఎంత పొరపాటో ఈ జంటే చెబుతుంది.

తెరవడం సులువు, మూయడమే కష్టం

వేగంగా తిప్పితే శక్తి వస్తుందని తెలిశాక, అడ్డొచ్చేది ఏది? వాల్వు. క్యామ్ అనే ఉబ్బెత్తు చక్రం వాల్వును నెట్టి తెరుస్తుంది. మూయడానికి మాత్రం స్ప్రింగును నమ్ముకోవాలి. ఇంజిను 12,000 చుట్లు తిరుగుతుంటే వాల్వు సెకనుకు వందసార్లు తెరుచుకుని మూసుకోవాలి. ఒక దశ దాటాక స్ప్రింగు ఆ వేగాన్ని అందుకోలేదు. వాల్వు పూర్తిగా మూసుకునేలోగా పిస్టన్ పైకి వచ్చేస్తుంది. రెండూ ఢీకొంటే ఇంజిను ముక్కలే. గట్టి స్ప్రింగు పెడితే క్యామ్ అరుగుతుంది, రాపిడి పెరుగుతుంది. 1954లో డుకాటిలో చేరిన ఇంజినీరు ఫాబియో తల్యోని ఈ ముడిని ఇంకో వైపు నుంచి విప్పాడు. తెరవడానికి ఒక క్యామ్ ఉన్నట్టే మూయడానికీ ఒక క్యామ్, ఒక మీట పెట్టాడు. స్ప్రింగు దయ మీద ఆధారపడడం పోయింది. దీన్ని డెస్మో పద్ధతి అంటారు. ఈ ఆలోచన తల్యోనికి ముందే ఉంది, 1954 నాటి మెర్సిడెస్ రేసు కారు కూడా వాడింది. దాన్ని చిన్న బైకులో నిలకడగా పని చేయించి, తరవాత మామూలు కొనుగోలుదారుడి చేతికి అందించడమే అతని ఘనత.

ఫలితాలు చరిత్రలో ఉన్నాయి. 1956లో స్వీడన్‌లో జరిగిన పోటీలో డుకాటి 125 సీసీ ఒంటి సిలిండరు డెస్మో బండి బరిలోకి దిగిన తొలిసారే గెలిచింది. 1958లో మోంజాలో 125 సీసీ పోటీలో మొదటి ఐదు స్థానాలూ డెస్మో డుకాటిలకే దక్కాయి. 1968లో ఆ పద్ధతి 250, 350 సీసీల ఒంటి సిలిండరు బళ్లతో రోడ్డు మీదికి వచ్చింది. యుద్ధానికి ముందు రేడియో భాగాలు చేసిన కంపెనీ, 1946లో సైకిలుకు తగిలించే 48 సీసీ ఇంజినుతో బళ్ల దారి పట్టిన కంపెనీ, ఇరవై రెండేళ్లలో చేరిన చోటు అది. అయితే ఇంత మెలిక అందరికీ అవసరమా అన్న సందేహం న్యాయమైనదే. నేటి స్ప్రింగుల ఉక్కు మేలైనది. డెస్మో లేకుండానే కేటీఎం లాంటి బళ్లు పదివేల చుట్లకు చేరువగా తిరుగుతున్నాయి. పైగా డెస్మోలో తెరిచే వైపూ మూసే వైపూ రెండు చోట్లా ట్యాపెట్ ఎడం, అంటే వాల్వుకూ దాన్ని కదిపే భాగానికీ మధ్య సందు, సరిచూడాలి, మెకానిక్‌కు పని రెట్టింపు. కాబట్టి డెస్మోను రోజువారీ బండికి ఆదర్శంగా చెప్పలేం. ఒంటి సిలిండరును ఎంత దూరం తీసుకుపోవచ్చో చూపిన ప్రయోగంగా దాని విలువ తగ్గదు.

అంత గొప్పదైతే పందేలు ఎందుకు వదిలేశాయి?

గట్టి ఆక్షేపణ ఇదే. 1960ల్లో ప్రపంచ పోటీల్లో నాలుగు, ఐదు, ఆరు సిలిండర్ల బళ్లు ముందుకొచ్చాయి. హోండా 125 సీసీలోనే ఐదు సిలిండర్లు ఇరికించింది. జవాబు పందెం నియమంలోనే ఉంది. నియమం సీసీలకు హద్దు పెట్టింది, పెట్రోలుకూ ఖర్చుకూ పెట్టలేదు. ఉన్న సీసీలకు గాలి దారి పెంచడమే గెలుపైనప్పుడు సిలిండర్లు ముక్కలవుతూనే పోతాయి. అక్కడ కూడా ఒంటి సిలిండరు అంత తేలిగ్గా ఓడలేదు. 350 సీసీ తరగతిలో 1953 నుంచి 1957 దాకా వరసగా ఐదేళ్లు ప్రపంచ విజేతగా నిలిచింది మోటో గుజ్జి ఒంటి సిలిండరు బండి. దాని రూపకర్త జూలియో చేజరే కార్కానో శక్తి కోసం పాకులాడకుండా బరువు తగ్గించాడు, గాలి అడ్డు తగ్గించాడు. 1957 నాటికి ఆ బండి బరువు సుమారు 98 కిలోలే. ఇదే కార్కానో 1955లో 500 సీసీలో ఎనిమిది సిలిండర్ల బండి కూడా చేశాడు. అదొక అద్భుతం, భయంకరమైన వేగం. ప్రపంచ కిరీటం మాత్రం ఎప్పుడూ గెలవలేదు. ఒకే మెదడు, ఒకే కర్మాగారం, ఎనిమిది సిలిండర్లకు దక్కని కిరీటం, వేరే తరగతిలోనైనా, ఒక్కదానికి దక్కింది.

రెండో ఆక్షేపణ అదురు. రోట్లో తల పెట్టి రోకటి పోటుకు వెరవనేల అన్నది సామెత. ఇంజినీర్లు మాత్రం ఆ సామెతతో సరిపెట్టుకోలేదు. పిస్టన్ పైకీ కిందికీ విసిరే విసురుకు ఎదురుగా క్రాంకు మీద బరువు పెట్టవచ్చు. కానీ పూర్తి బరువు పెడితే పైకీ కిందికీ ఉండే అదురు ముందుకూ వెనక్కూ మారుతుందంతే. అందుకే పాత బళ్లలో సగం సగం సర్దేవారు. మిగిలినది చేతులకూ అద్దాలకూ తెలిసేది. చుట్లు రెట్టింపైతే ఆ విసురు నాలుగింతలవుతుంది. దీనికి మందు క్రాంకుకు ఎదురు దిశలో తిరిగే ఇంకో బరువు కడ్డీ, అంటే బ్యాలెన్సర్. 2020లో వచ్చిన కొత్త రాయల్ ఎన్‌ఫీల్డ్ 349 సీసీ ఇంజినులో అది ఉంది. డుకాటి 1993 నాటి సూపర్‌మోనో అనే ఒంటి సిలిండరు రేసు బండిలో, పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్ లాంటిదే పిస్టన్ లేని రెండోదాన్ని ఒక మీటకు తగిలించి, లేని రెండో సిలిండరు విసురును దానితో పుట్టించింది. 698 మోనోలో రెండు బ్యాలెన్సర్లు పెట్టింది.

అయినా ఒంటి సిలిండరుకు దాటలేని హద్దు ఒకటుంది. సిలిండరు పెద్దదయ్యేకొద్దీ మంట మధ్యలో మొదలై అంచుకు చేరడానికి ఎక్కువ సేపు పడుతుంది. 698 మోనో పిస్టన్ వెడల్పు 116 మిల్లీమీటర్లు. పదివేల చుట్ల దగ్గర మంట ఆ వెడల్పంతా పాకడానికి దొరికేది సెకనులో వెయ్యో వంతు అటూ ఇటూ. అంచున మిగిలిన గాలి తనంతట తాను ముందే మండితే ఇంజినుకు చేటు. అందుకే రోడ్డు మీది ఒంటి సిలిండరు బళ్లు సాధారణంగా 700 సీసీలోపే ఆగుతాయి. 659 సీసీలో 77 హార్స్‌పవర్ తీసిన 698 మోనో దాదాపు ఆ గట్టు మీదే నిలబడింది. వంద, నూట యాభై హార్స్‌పవర్ నిజంగా కావలసినవారికి ఒంటి సిలిండరు చాలదు. ఆ మాట ఒప్పుకోవాలి.

నార్సింగి రోడ్డు మీద తేలే లెక్క

అంత శక్తి ఎవరికి కావాలి? గంటకు 60 కిలోమీటర్ల వేగంతో చదును దారిలో పోయే బైకుకు నిజంగా కావలసింది మూడు నాలుగు హార్స్‌పవర్లే. వేగం రెట్టింపైతే గాలిని చీల్చడానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లవుతుంది. పెద్ద ఇంజిన్లకు పని దొరికేది ఆ పై వేగాల్లోనే. నార్సింగిని ఆనుకునే ఔటర్ రింగ్ రోడ్డు ఉంది, అంత వేగానికి చోటున్న దారి అదే. కానీ దాని ప్రధాన మార్గం మీదికి ద్విచక్ర వాహనాలను రానివ్వరు, సర్వీసు రోడ్డులోనే పోవాలి. సర్వీసు రోడ్డులో, సిగ్నళ్ల దగ్గర, 20 హార్స్‌పవర్ ఇంజిను తన సత్తాలో ఐదో వంతు వాడుకుంటుంటే, 100 హార్స్‌పవర్ ఇంజిను ఇరవై ఐదో వంతు మాత్రమే వాడుకుంటుంది. అయినా దాని అన్ని పిస్టన్లూ గోడలకు రాసుకుంటూనే ఉంటాయి, అన్ని గోడల నుంచీ వేడి పోతూనే ఉంటుంది. ఆ వేడిలో కొంత ఎండాకాలం ట్రాఫిక్‌లో నడిపేవాడి కాళ్లకే తగులుతుంది. నాలుగు సిలిండర్ల బండికి పదహారు వాల్వుల ఎడం చూడాలి, ఒంటి సిలిండరుకు రెండో నాలుగో. కార్ల మధ్య సందులో దూరడానికి సన్నటి ఇంజినే వీలు.

చివరి ఆక్షేపణ కరెంటు బండి నుంచి వస్తుంది. దానికి నాలుగు అడుగులు లేవు, పోటు లేదు, సున్నా నుంచే లాగుడు ఉంది, అదురు లేదు. పదీ ఇరవై కిలోమీటర్ల ఆఫీసు ప్రయాణం వరకైతే ఈ వాదనకు ఎదురు చెప్పడం కష్టం. పెట్రోలు పొదుపు గురించి ఒంటి సిలిండరు తరఫున చెప్పిందంతా కరెంటు మోటారు ముందు తేలిపోతుంది. అయితే వారాంతంలో అనంతగిరి గుట్టలకో శ్రీశైలానికో పోయే దారిలో, ఐదు నిమిషాల్లో ట్యాంకు నింపుకోగల సౌకర్యం ఇంకా పెట్రోలు బండి వైపే ఉంది. కనుక రేపటి నార్సింగిలో ఒంటి సిలిండరుకు అసలైన పోటీ కరెంటు మోటారుతోనే.

పెట్రోలు బండే కొనదలిస్తే సిలిండర్ల సంఖ్యను పక్కన పెట్టి మూడు సంగతులు అడగండి. గరిష్ఠ లాగుడు, అంటే టార్క్, ఎన్ని చుట్ల దగ్గర వస్తుంది? నాలుగు వేల దగ్గర వస్తే ట్రాఫిక్‌కు అనువైనది, ఏడు వేల దగ్గర వస్తే ఖాళీ రోడ్డుకు అనువైనది. బండి బరువెంత? ఇంజినులో బ్యాలెన్సర్ ఉందా? ఈ మూడింటికీ సరైన జవాబు వస్తే, మన దారులకు ఒక్క సిలిండరు చాలు.